ఎగుమతి సబ్సిడీనా, ఎగుమతి రుణ బీమానా?

దేశం సరుకు బయట అమ్ముడుపోవాలంటే ప్రభుత్వం ముందు రెండు దారులు: ఎగుమతిదారుకు నేరుగా డబ్బివ్వడం (సబ్సిడీ), లేదా కొనుగోలుదారు ఎగ్గొడితే నష్టం భరిస్తానని హామీ ఇవ్వడం (రుణ బీమా).

ఖర్చు: సబ్సిడీ డబ్బు పోయినట్టే, తిరిగి రాదు. బీమాకు ప్రీమియం వస్తుంది, క్లెయిమ్ వచ్చినప్పుడే చెల్లింపు.

శ్రమ: సబ్సిడీ పంచడం తేలిక. బీమాకు విదేశీ కొనుగోలుదారు పరపతి, ఆ దేశ రాజకీయ పరిస్థితి కూడా తూకం వేయగల నిపుణులు కావాలి.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. 1995 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో) సబ్సిడీల ఒప్పందం ఎగుమతికి ముడిపెట్టిన సబ్సిడీలను నిషేధించింది. అత్యంత వెనుకబడిన దేశాలకు మినహాయింపు ఉంది. 2015లో నైరోబీలో జరిగిన డబ్ల్యూటీవో సమావేశం వ్యవసాయ ఎగుమతి సబ్సిడీలకూ ముగింపు పలికింది. కాదని ఇస్తే దిగుమతి చేసుకునే దేశం ఆ సబ్సిడీకి విరుగుడుగా మన సరుకుపై అదనపు సుంకం వేయొచ్చు. అప్పుడు మన పన్నుల డబ్బు వాళ్ల ఖజానాకు చేరుతుంది! బీమాకు ఈ బెడద తక్కువ. 1919లోనే బ్రిటన్ ఇలాంటి పథకం మొదలుపెట్టింది. అయితే ప్రీమియం దీర్ఘకాలిక ఖర్చులకూ నష్టాలకూ చాలనంత తక్కువైతే దాన్నీ సబ్సిడీగానే లెక్కిస్తారు.

సరుకు బాగుండి, డబ్బు వస్తుందో రాదో అన్న టెన్షన్‌తో ఆర్డర్లు వదులుకుంటుంటే బీమాయే సరి. ధరలోనే పోటీపడలేకపోతే బీమా ఏమీ చేయలేదు. మినహాయింపు ఉన్న పేద దేశమైతే కొద్దికాలం సబ్సిడీ ఇవ్వొచ్చు. మిగతావాళ్లు ఆ డబ్బు రేవులకూ రోడ్లకూ పెట్టడం నయం.