పాత లూనా: ఎడమ చేతి కింద ఉన్న ఆ చిన్న లివర్ కోసం

పెడళ్లున్న చిన్న మోటారు బండి, అంటే మోపెడ్, లూనా. దాని మైలేజీ ఎంత, వేగం ఎంత, బరువు ఎంత అన్నవి ఇక్కడ రాయను. 1980లలో మధ్యతరగతి ఇళ్లలో పెరిగినవాళ్లకు అవన్నీ నోటికి వచ్చు. నేను రాయదలచుకున్నది హ్యాండిల్ ఎడమ పక్కన, బ్రేకు దగ్గర ఉండే వేలెడంత లివర్ గురించి. డీకంప్రెషన్ లివర్. నా బడి రోజుల నుంచి ఇప్పటివరకు ఆ బండి మా ఇంట్లోనే ఉంది. అందులో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే. ఇంజన్లు విప్పి చూడాలన్న కోరిక నాలో పుట్టించింది కూడా అదే.

మాది పెడళ్లు తొక్కి స్టార్టు చేసే పాత మోడల్, కిక్ రాడ్డు లేనిది. తర్వాత వచ్చిన లూనాల సంగతి ఇందులో ఉండదు. స్టాండు వేసి, లివర్ నొక్కిపట్టి, పెడళ్లు గట్టిగా తొక్కాలి. నొక్కినంతసేపూ సిలిండర్ హెడ్‌లో ఒక బుల్లి వాల్వు తెరుచుకుని ఉంటుంది. పిస్టన్ పైకి వచ్చినప్పుడల్లా లోపలి గాలి నలగకుండా ‘ఉస్ ఉస్’మంటూ బయటికి పోతుంది. అందువల్ల పిల్లల కాళ్లకు కూడా పెడల్ తేలిగ్గా తిరుగుతుంది. చక్రం ఊపందుకున్నాక లివర్ వదిలితే వాల్వు మూసుకుంటుంది, గాలీ పెట్రోలూ కలిసి నలుగుతాయి, ప్లగ్గు నిప్పుకు ఇంజను అందుకుంటుంది. ఆపడానికీ అదే లివర్. ఆక్సిలరేటర్ పూర్తిగా తగ్గించి నొక్కితే పెద్ద నిట్టూర్పు విడిచినట్టు ఆగిపోతుంది.

ఇంజను లోపల గాలి ఎంత బలంగా ఎదురు తిరుగుతుందో నాకు ఏ పుస్తకం కంటే ముందు నా మడమలే చెప్పాయి. లివర్ నొక్కకుండా తొక్కితే పెడల్ మొండికేస్తుంది. నొక్కితే లొంగుతుంది. వదిలిన క్షణంలో ఆ తేడా కాలికి తగులుతుంది, వెంటనే చెవికి వినిపిస్తుంది. ఇంజనుకు ప్రాణం ఎక్కడుందో ఇంత స్పష్టంగా చూపించే బండి ఇంకొకటి నాకు కనబడలేదు. హోండా వాళ్లు 1961లో జపానులోని తామా టెక్ వినోద ఉద్యానంలో పిల్లల కోసం చిన్న చక్రాల బండి చేశారు. అదే తర్వాత మంకీ అనే బుల్లి బైకు అయింది. అమెరికాలో ఆ తరహా బుల్లి బండ్ల మీద, మట్టి దారుల్లో నడిపే డర్ట్ బైకుల మీద ఒక తరం పిల్లలు పెరిగారు. మా ఊరు చంద్రగిరిలో మాకు దొరికింది లూనా. ఎండిపోయిన స్వర్ణముఖి ఏటి ఇసుక మా మైదానం.

నిజానికి మా వీధిలో ఎక్కువ కనిపించింది లూనా కాదు, సువేగా అనే మరో మోపెడ్. ఫ్రాన్సు మోటోబెకాన్ పరిజ్ఞానంతో మోపెడ్స్ ఇండియా వాళ్లు దాన్ని మా పక్కనే తిరుపతిలో తయారుచేసేవారు. ఇంటి పక్క కంపెనీ బండి వదిలి పుణె బండి కొన్నందుకు మా నాన్నను బంధువులు చాలాకాలం దెప్పారు. ఆయన బడి పంతులు. రోజూ పక్క ఊరికి వెళ్లి రావడానికి తేలికైన బండి కావాలనుకున్నారు, అంతే. కైనెటిక్ వాళ్లు 1972 నుంచీ ఇటలీ పియాజియో నమూనా మీద చేస్తున్న లూనా ఆయన అవసరానికి సరిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం ఆయన నిద్రపోయాక బండి మా చేతికి వచ్చేది. గేరు లేని 50 సీసీ బండికి పదహారేళ్లకే లైసెన్సు ఇస్తారు కానీ మాకు అప్పటికి ఆ వయసు కూడా లేదు. అందుకే రోడ్డెక్కేవాళ్లం కాదు. చెరువు కట్ట, ఏటి ఇసుక, మామిడి తోటల మధ్య బండ్ల బాట, ఇవే మా హద్దులు. సన్నటి టైర్లు ఇసుకలో కూరుకుపోతే పెడళ్లు తొక్కి సాయం చేయాలి. ఇంజను ఎక్కడ అలసిపోతోందో, మన కాలు ఎక్కడ అందుకోవాలో మాకు అక్కడే తెలిసింది. ఇసుక, గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్‌లోకి చేరితే విప్పి, పెట్రోలుతో కడిగి, పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం ఉన్న జెట్టును నోటితో ఊది మళ్లీ బిగించడం కూడా ఆ ఏట్లోనే నేర్చుకున్నాం. బండితో ఇచ్చిన పానాలు, ఒక స్క్రూడ్రైవరు ఉంటే సగం బండి విప్పవచ్చు. మాగ్నెట్ లోపల, ప్లగ్గుకు నిప్పు అందించే పాయింట్ల మధ్య సందు సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. సందు కొలిచే గేజి లేని రోజుల్లో మా ఊరి సైకిల్ షాపు తాత దాన్ని పోస్టుకార్డు మడిచి చూసేవాడు.

లివర్ నేర్పిన పాఠం నాకు అక్కడితో ఆగలేదు. మా పెద్దనాన్న బావి దగ్గర డీజిల్ ఆయిల్ ఇంజను ఉండేది. దాని తల మీద కూడా ఒక డీకంప్రెషన్ లివర్! ఒకరు లివర్ ఎత్తిపట్టాలి, ఇంకొకరు హ్యాండిల్ వేసి ఫ్లైవీలు అనే బరువైన చక్రాన్ని తిప్పాలి, వేగం వచ్చాక లివర్ పడేయాలి. దానికి ప్లగ్గే లేదు. నలిగిన గాలి వేడికే డీజిల్ అంటుకుంటుందని పెద్దనాన్న చెప్పినప్పుడు నాకు ఒక్కసారిగా అంతా అర్థమైంది, ఎందుకంటే ఆ నలగడం ఏమిటో నా కాళ్లకు అప్పటికే తెలుసు. ఇంకొన్నేళ్లకు ఒక స్నేహితుడి పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ దగ్గరా అదే కథ. కరెంటు చూపే ఆమ్మీటరు సూది మధ్యకు వచ్చేదాకా కిక్ మెల్లగా నొక్కాలి. అక్కడ లివర్ పట్టుకుని పిస్టన్‌ను పైఅంచు కాస్త దాటించి, వదిలి, అప్పుడు కొట్టాలి. బలమున్న కుర్రవాళ్లు చెమటలు కక్కుతుంటే నేను ఒక్క కిక్కుతో స్టార్టు చేసేవాణ్ణి. ఇప్పటి నాలుగు స్ట్రోకుల బండ్లలో కొన్నింటికి ఈ పని వాల్వులను నడిపే క్యామ్ షాఫ్ట్ మీది చిన్న ఏర్పాటు తనంతట తానే చేసుకుంటుంది. మంచిదే, కాని అది కంటికి కనబడదు, చేతికి తగలదు.

ఇక అసలు సంగతి. కొన్నేళ్ల కిందట నేను బెంగళూరులో ఉద్యోగంలో ఉండగా ఇంటి దగ్గర బండికి మా తమ్ముడు సర్వీసు చేయించాడు. డీకంప్రెషన్ కేబుల్ తెగి ఉంది. అసలు కేబుల్ దొరక్క, ఒక షాపులో సైకిల్ బ్రేకు వైరుతో కట్టి వేశారు. సెలవుల్లో వచ్చి ఊళ్లో తిప్పి చూశాను, చక్కగా నడిచింది. మర్నాడు పొద్దున్నే భాకరాపేట వైపు బయల్దేరాను. రంగంపేట దాటేవరకు ఏ ఇబ్బందీ లేదు. ఘాట్ మొదలయ్యాక ఒక మలుపులో ఇంజను హఠాత్తుగా బలం కోల్పోయింది. మలుపు దాటాక మళ్లీ పుంజుకుంది. ఆ తర్వాతి మలుపులో బాగానే ఎక్కింది. దాని తర్వాతి మలుపులో మళ్లీ చచ్చుబడింది, ఈసారి పూర్తిగా ఆగింది.

పక్కకు తీసి వరసగా అన్నీ చూశాను. ప్లగ్గు నిప్పు నీలంగా, గట్టిగా ఉంది. పెట్రోలు పైపులో ధార బాగుంది. ట్యాంకు మూత రంధ్రం మూసుకుపోలేదు. కార్బురేటర్ తొట్టిలో చెత్త లేదు. స్టాండు మీద తొక్కితే మొదటి ఊపుకే అందుకుంది. ఎక్కి కదిలితే మళ్లీ ఏదో ఒక మలుపులో అదే బాధ. మిగతా ఎక్కుడంతా పెడళ్లు తొక్కుతూ, మధ్యమధ్య తోస్తూ పూర్తి చేశాను. ఊరికి వచ్చాక చూపించిన మెకానిక్ కంప్రెషన్, అంటే లోపలి గాలి నలిగే బిగువు, పోయిందన్నాడు. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగాయి, బోరు వేయాలి (సిలిండర్ లోపలి గోడను కోసి సరిచేయాలి) అన్నాడు. కాలితో చూస్తే కంప్రెషన్ కాస్త తగ్గినట్టు నాకూ తెలుస్తోంది, కాబట్టి ఆ మాట నమ్మదగినదే. బోరు వేయించి, కొత్త పిస్టను, రింగులు వేయించాం. కొత్త రింగులు కుదురుకునేదాకా ఆగి మళ్లీ ఘాట్ ఎక్కాను. అదే మలుపులు, అదే ఆగడం.

ఆ రాత్రి వరండాలో బండిని స్టాండు మీద నడిపిస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఇంజను శబ్దం నిలకడగా ఉంది. పక్కకు జరపడానికని హ్యాండిల్‌ను కుడివైపు పూర్తిగా తిప్పాను. హెడ్ దగ్గర సన్నగా ‘ఉస్’ మంది. ఇంజను తడబడింది. తిన్నగా తెస్తే సర్దుకుంది. మళ్లీ కుడికి తిప్పితే మళ్లీ ‘ఉస్’. నా చెయ్యి లివర్ మీద లేదు!

సైకిల్ వైరుతో కట్టిన ఆ కేబుల్ అసలు దానికంటే కొద్దిగా పొట్టి. హ్యాండిల్ తిన్నగా ఉన్నంతసేపు సరిపోతోంది. కుడికి తిప్పితే ఎడమ పిడి ముందుకు జరిగి కేబుల్ బిగుసుకుంటోంది. లివర్ ఎవరూ నొక్కకుండానే వాల్వు కొద్దిగా లేస్తోంది. ఊళ్లో మలుపు తిరిగేటప్పుడు ఆక్సిలరేటర్ ఎలాగూ తగ్గిస్తాం కనుక తెలియలేదు. ఘాట్‌లో నిండు ఆక్సిలరేటర్‌తో కుడి మలుపు ఎక్కుతున్నప్పుడు ఆ వెంట్రుకవాసి సందు చాలు, 50 సీసీ ఇంజను చేతులెత్తేయడానికి. ఎడమ మలుపుల్లో ఎందుకు బాగా ఎక్కిందో అప్పుడు తెలిసింది. హెడ్ విప్పి చూస్తే, సగం తెరిచిన వాల్వు గుండా మంట కారి వాల్వు కూర్చునే చోటు నల్లగా మాడి ఉంది. స్ప్రింగు తీసి, గ్రైండింగ్ పేస్టు రాసి, వేళ్లతో తిప్పుతూ రుద్ది మళ్లీ గట్టిగా కూర్చునేలా చేశాను. సరైన పొడవున కేబుల్ వేసి, లివర్ దగ్గర రెండు మిల్లీమీటర్ల వదులు ఉంచాను. తర్వాతి ఆదివారం భాకరాపేట దాకా ఒక్కసారి కూడా కాలు సాయం లేకుండా ఎక్కింది. ఆ రోజు కలిగినంత ఆనందం నాకు ఏ కొత్త బండీ ఇవ్వలేదు.

అయితే ఆ లివర్ మీద ఇంత ప్రేమ ఉన్నా, బండిలో తరచుగా ఇబ్బంది పెట్టేదీ అదేనని ఒప్పుకోవాలి. మనకు సౌకర్యమే అయినా, ఇంజనుకు అది హెడ్‌లో మరో రంధ్రం. పెట్రోలులో కలిసి మండే ఆయిల్ మసి ముందుగా ఆ వాల్వు చుట్టూ చేరుతుంది. ఏడాదికొకసారైనా హెడ్ తీసి కార్బన్ గీకకపోతే కంప్రెషన్ మెల్లగా కారిపోతుంది, రింగులు బాగున్నా సరే. స్వయంగా విప్పుకోగలిగినవాళ్లకు అది ఒక పూట పని. ప్రతిసారీ మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లేవాళ్లకు విసుగు. ఇసుకలో మేం చేసిన విన్యాసాల గురించి పైన మురిపెంగా రాశాను కానీ, దీని బ్రేకులు ఘాట్ దిగడానికి నమ్మదగినవి కావు. రాత్రి లైటు ఇంజను వేగాన్ని బట్టి వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. పొగ గురించి చెప్పనక్కర్లేదు. నేను దీన్ని ఊరి వీధుల్లోనూ, తెల్లవారుజామున ఖాళీ రోడ్ల మీదా మాత్రమే నడుపుతాను.

ఇప్పటి పెట్రోలు మరో సమస్య. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు ఆనాటి రబ్బరు వాషర్లు, పైపులు తట్టుకోవు. ఉబ్బుతాయి, పగుళ్లు వస్తాయి. ఇథనాల్ తేమను కూడా పీల్చుకుంటుంది. అందుకే ట్యాంకులో నెలల తరబడి నిల్వ ఉంచకుండా, బండి పక్కన పెట్టేముందు కార్బురేటర్ ఖాళీ చేస్తాను. పైపులన్నీ కొత్త రకానికి మార్చాను. ఈ రకం రెండు స్ట్రోకుల ఇంజన్లకు పెట్రోలులో కలిపే 2టీ ఆయిల్ కలిపి పోసే చేతిపంపులు ఇప్పుడు బంకుల్లో కనబడవు కాబట్టి డబ్బా ఇంట్లో పెట్టుకుని స్వయంగా కొలిచి కలుపుతాను.

2024 ఫిబ్రవరిలో అదే కైనెటిక్ కుటుంబం నుంచి బ్యాటరీతో నడిచే ఈ-లూనా వచ్చింది. మా మేనల్లుడు పాల క్యాన్ల కోసం కొన్నాడు. బరువులు మోయడానికి బాగుంది, శబ్దం లేదు, తొక్కే పనీ లేదు. రోజువారీ అవసరానికి అడిగితే నేను కూడా దాన్నే సూచిస్తాను. వాడి కూతురు మాత్రం సాయంత్రం కాగానే నా దగ్గరకు వచ్చి పాత బండి లివర్ పట్టుకుంటుంది. నేను తొక్కుతాను, ‘వదులు’ అనగానే తను వదులుతుంది. ఆ అమ్మాయి హెడ్ బోల్టులు ఐమూలగా, ఎదురెదురుగా బిగించాలని అప్పుడే నేర్చేసుకుంది.

పాత లూనా కొనమని నేను అందరికీ చెప్పలేను. నాకు నాన్న పేరు మీది కాగితాలు ఉన్నాయి, ఇంటి వెనక నీడలో స్థలం ఉంది, పనిముట్లు ఉన్నాయి, విడిభాగాల కోసం పాత షాపులు తిరిగే ఓపిక ఉంది. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకొకసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకునే తిప్పలూ నాకు అలవాటే. ఇవి లేనివాళ్లకు ఇది భారమే కావచ్చు. ఇంట్లో పదేళ్ల పిల్లలు ఉండి, సెలవుల్లో వాళ్ల చేతికి ఏదైనా విప్పడానికి ఇవ్వాలనుకుంటే మాత్రం, నడవని బండి అయినా సరే, ఒకటి చూడవచ్చు.

చూడటానికి వెళ్తే రంగు, సీటు తర్వాత చూడండి. లివర్ వదిలేసి పెడల్‌ను చేత్తో నొక్కి చూడండి, గట్టిగా ఎదురు తిరగాలి. తర్వాత ఇంజను నడుస్తుండగా హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి వినండి. ‘ఉస్’మంటే ధర తగ్గించమని అడగండి, కాని కేబుల్ చూడకుండా బోరు వేయించడానికి మాత్రం ఒప్పుకోకండి.