తెతెబాతులో అద్దెకు ఉండండి, స్థలం జోలికి మాత్రం పోకండి

ఇండోనేషియాలోని లంబోక్ దీవిలో, రింజాని అగ్నిపర్వతం దక్షిణపు వాలులో ఉంది తెతెబాతు అనే ఊరు. అక్కడ మా ముగ్గురికి బస, భోజనం, బండ్ల అద్దె అన్నీ కలిపి రోజుకు ఐదు వేల రూపాయలు దాటలేదు. అదే ఊళ్లో స్థలం చూడబోయిన ఒక్క పూటకి 8,480 రూపాయలు వదిలాయి. ఆ మంట ఇంకా చల్లారలేదు కాబట్టి ముందు ఆ సంగతే చెబుతాను. జలపాతం, నల్ల కోతుల అడవి బాగున్నాయి, చూడండి. వాటి గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

రిటైరయ్యాక ఎక్కడైనా చల్లటి పల్లెలో నాలుగు గదులు కట్టి హోమ్‌స్టే నడుపుదామని నాకూ మా ఆవిడకూ ఎప్పటినుంచో ఉంది. బాలిలో రేట్లు మనకు అందవు. పక్క దీవి కాబట్టి లంబోక్ చూద్దామనుకున్నాం. మా మామగారు కందుకూరు దగ్గర నలభై ఏళ్లు పొగాకు పండించిన మనిషి. భూమి చూడ్డానికి అంటే ఆయన కూడా బయల్దేరారు. అదే మాకు కలిసొచ్చింది.

దక్షిణాన బీచ్‌ల వైపు నుంచి ఒక బ్రోకర్ వచ్చాడు. ఇంగ్లీషు గలగలా మాట్లాడతాడు. కారుకు 6,00,000 రుపియా, 'కొలతల ఖర్చు' కింద మరో 10,00,000 ముందే తీసుకున్నాడు. కొలతల డబ్బు బేరం కుదిరినా కుదరకపోయినా వెనక్కిచ్చేస్తానన్నాడు. మేం వెళ్లినప్పుడు లక్ష రుపియాకు మన డబ్బులో సుమారు 530 రూపాయలు.

చూపించింది వరి మడి. ఎదురుగా రింజాని, చుట్టూ పచ్చటి మెట్ల పొలాలు. ఫొటో తీస్తే ఎవరైనా పడిపోతారు. అక్కడ కొలత 'ఆరే'ల్లో చెబుతారు. ఒక ఆరే అంటే వంద చదరపు మీటర్లు, మన లెక్కన దాదాపు రెండున్నర సెంట్లు. ఆరే రెండున్నర కోట్ల రుపియా చొప్పున ఇరవై ఆరేలు. అంటే ఇంచుమించు అరెకరం, 26.5 లక్షల రూపాయలు. మా ఆవిడ అప్పటికే వరండా ఎటు తిరిగి ఉండాలో చెప్పేస్తోంది.

మామగారు చెప్పులు విప్పి గట్టు మీద ఆ చివరిదాకా నడిచి వచ్చారు. "దారేది బాబూ?" అని అడిగారు. నేను బ్రోకర్ని అడిగితే, మేం నడిచొచ్చిన గట్టునే చూపించాడు. పక్క రైతు ఇస్తాడట, మాట్లాడాడట. "ఎనకమాల నాలుగు మళ్లకి నీళ్లు ఈ మడిలోంచే పోతన్నయ్. పునాది తీస్తే ఆళ్లు ఊరుకుంటారా? కాగితాలేంది, చూపించమను" అన్నారాయన.

కాగితం 'స్పొరాడిక్' అట. ఈ భూమి నా అనుభవంలో ఉంది అని హక్కుదారు రాసిస్తే ఊరి పెద్ద సంతకం పెట్టే పత్రం. అది భూమి ఆఫీసు ఇచ్చే సర్టిఫికెట్ కాదు. "సర్టిఫికెట్ తర్వాత తెప్పిస్తా, మా బావ పేరు మీద" అన్నాడు. మీ బావ పేరు మీద ఎందుకంటే, అసలు స్కీము అప్పుడు విప్పాడు. విదేశీయులకు సొంత హక్కు రాదు కాబట్టి స్థలం వాళ్ల బావ పేరు మీద ఉంటుంది. ఆ బావకి మేం అప్పిచ్చినట్టు ఒక ఒప్పందం, మా పేరున ఒక పవర్ ఆఫ్ అటార్నీ. "అందరూ ఇలాగే చేస్తారు, నో టెన్షన్!"

మన బినామీయే, సూటూ బూటూ వేసుకుని వచ్చింది. ఇండోనేషియా భూమి చట్టం 1960 నాటిది. సంపూర్ణ హక్కు, అంటే 'హక్ మిలిక్', ఆ దేశ పౌరులకే. దాన్ని తప్పించుకుని నేరుగా గానీ చాటుగా గానీ విదేశీయుడి చేతికి వెళ్లేలా చేస్తే, 26వ సెక్షన్ ప్రకారం ఆ బేరం చెల్లదు, భూమి ప్రభుత్వపరం అవుతుంది, ఇచ్చిన డబ్బు తిరిగి అడిగే హక్కు కూడా ఉండదు. చివరి ముక్క మళ్లీ చదవండి. బావ మంచివాడైనా, దుర్మార్గుడైనా పోయేది మన డబ్బే.

బయటివాళ్లకు సక్రమమైన దారులు లేకపోలేదు. 'హక్ పకాయ్' అనే వాడకపు హక్కు ఉంది: 30 ఏళ్లు, పొడిగింపు 20, ఆపైన మరో 30. లేదా నోటరీ దగ్గర రాయించుకునే దీర్ఘకాలపు లీజు. వ్యాపారం చేయాలంటే విదేశీ పెట్టుబడి కంపెనీ పెట్టాలి. దానికి వెయ్యి కోట్ల రుపియా పైన పెట్టుబడి చూపించాలి, అంటే 5.3 కోట్ల రూపాయలు. నాలుగు గదుల హోమ్‌స్టేకి ఇదంతా ఎవరు పెడతారు? అలాంటి చిన్న వ్యాపారం ఊరివాళ్లకే వదిలేయాలన్నది వాళ్ల ఉద్దేశం. నన్నడిగితే అదే న్యాయం.

ఇంకో మెలిక కూడా ఉంది. లంబోక్ ఉన్న పశ్చిమ నుసా తెంగారా రాష్ట్రంలో చాలా వరి భూముల్ని 2021లో రక్షిత మాగాణిగా ప్రకటించారు. అలాంటి మడిలో ఇల్లు కట్టడానికి అనుమతి రాదు. ఈ మాట బ్రోకర్ నోట రాలేదు, మా హోమ్‌స్టే యజమాని చెప్పాడు. సర్టిఫికెట్ ఉన్న స్థలమైతే భూమి ఆఫీసులో సరిచూపించడానికి ప్రభుత్వ ఫీజు 50,000 రుపియాయేనట, 265 రూపాయలు! మన పది లక్షల కొలతల ఖర్చు ఏమైంది, టేపైనా పట్టుకు రాలేదే అని బ్రోకర్ని అడిగితే "ప్రాసెస్‌లో ఉంది" అన్నాడు. ఇప్పటికీ ప్రాసెస్‌లోనే ఉంది.

ఇక ఉండటం సంగతి. వెదురు గోడల గది, టిఫిన్‌తో కలిపి 2,75,000 రుపియా. రెండు తీసుకున్నాం. స్కూటర్ రోజుకు 80,000, ఇంటి భోజనం మనిషికి 35,000. వాకిట్లో స్తంభాల మీద కట్టిన గడ్డికప్పు మంచె ఉంటుంది, బెరుగాక్ అంటారు. కాఫీ, కబుర్లు, కునుకు అన్నీ దాని మీదే. తెల్లవారుజామున నాలుగున్నరకి మసీదు మైకు, దాని వెనకే కోళ్లు. మొదటి రెండు రోజులూ మా ఆవిడ మొహం చూడాల్సింది. నిద్ర తేలికైనవాళ్లు చెవుల్లోకి దూది తెచ్చుకోండి. రాత్రి చలి ఉంటుంది, స్వెటర్ కూడా. డబ్బు కొతరాజాలోనో మస్బగిక్‌లోనో ముందే తీసుకుని కొండెక్కండి.

శనివారం ఒక గొడవైంది. మా ఆవిడ ఆ రోజు నీచు ముట్టదు. 'ప్లెచింగ్ కంగ్‌కుంగ్' ఆకుకూరే కదా అని తెప్పించాం. మన తూటికూరే, ఉడికించి పైన ఎర్రటి పండుమిరప పచ్చడి పోస్తారు. సగం తిన్నాక తెలిసింది, ఆ పచ్చడిలో 'తెరాసి' వేస్తారని, అంటే ఎండబెట్టి నూరిన రొయ్యల ముద్ద. ఆవిడ కంచం పక్కకు తోసేసి నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను. శాకాహారులు ప్రతి చోటా 'తన్పా తెరాసి', అంటే తెరాసి లేకుండా, అని చెప్పి తీరాలి. కూర పేరు చూసి నమ్మొద్దు.

యజమాని భార్యకి సంగతి అర్థమై, దొడ్లోకి వెళ్లి మునగాకు దూసుకొచ్చింది. ఉల్లిపాయ, ఉప్పు, నీళ్లు, అంతే. పల్చటి చారులా కాచి, వేడన్నం, వేయించిన టెంపే (పులియబెట్టిన సోయా గింజల అచ్చు) ముక్కలతో పెట్టింది. లంబోక్‌లో మునగాకు రోజూ వండుకునే కూరేనట. మామగారు మూడుసార్లు వేయించుకున్నారు. ఆ పూటకి ఆ ఇల్లాలు డబ్బు తీసుకోలేదు.

ఆ యజమానే వాళ్ల బంధువుల ఇల్లు చూపించాడు. రెండు గదులు, వంటిల్లు, వెనక కాఫీ చెట్లు, ఏడాదికి రెండు కోట్ల రుపియా అద్దె. మన డబ్బులో 1,06,000, అంటే నెలకు తొమ్మిది వేలైనా కాదు. మేం దీనికే మొగ్గుతున్నాం. ఎయిర్‌పోర్టులో ఇచ్చే వీసా 5,00,000 రుపియా, 30 రోజులు, ఒక్కసారే మరో 30 పొడిగించుకోవచ్చు. దాని మీద అక్కడ పని చేయకూడదు. ఇంటి నుంచి పనిచేసే ఐటీ వాళ్లకు విడిగా వీసా ఉంది గానీ ఏడాదికి 60,000 డాలర్ల ఆదాయం చూపించాలి. కాబట్టి మాలాంటి వాళ్లకు రెండు నెలల చొప్పున వచ్చి పోవడమే కుదురుతుంది.

తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టుకు కారు 4,00,000 రుపియా. దారి పొడవునా ఇటుకలతో కట్టిన పొగాకు బ్యారన్లు (ఆకు క్యూరింగ్ చేసే, అంటే వేడితో ఆరబెట్టే గదులు), కింద పొలాల్లో అప్పుడే నాటిన వర్జీనియా నారు. మామగారు రెండుసార్లు కారాపించారు. ఒక బ్యారన్ తలుపు తీయించి లోపల గొట్టాలు, కర్రలు కట్టే దూలాలు చూసి, మనవాటికంటే చిన్నవన్నారు. ఆగస్టులో క్యూరింగ్ మొదలవుతుందని డ్రైవర్ చెప్పాడు. విమానం ఎక్కాక మామగారు నాతో అన్న మొదటి మాట, ఆగస్టుకి టికెట్ ఎంతవుద్దో చూడమని.