పాత అమెరికా సెంటు అచ్చు: అక్షరాల స్థానం చూడాలా, పగుళ్లు చూడాలా?

ఒక నాణెం ఏ అచ్చుల జతతో కొట్టినదో, అంటే దాని రకం ఏదో, తేల్చడం ఎలా అన్నదే ప్రశ్న. 1793–1814 నాటి పెద్ద రాగి సెంట్ల అచ్చుల్లో (నాణెం మీద బొమ్మ కొట్టే లోహపు దిమ్మల్లో) అక్షరాలు, అంకెలు ఒక్కొక్కటిగా చేత్తో దించినవే. అందుకే ఏ రెండు అచ్చుల్లోనూ వాటి ఎడాలు అచ్చంగా ఒకేలా పడవు. నా ఓటు మొదట స్థానాలకే: చివరి అంకెకూ బొమ్మ ఛాతీకీ మధ్య ఎడం, వెనకవైపు 1/100 భిన్నంలోని గీత వాలు, ఆకుల దండలో కాయల లెక్క. ఒకే అచ్చును వేర్వేరు జతల్లో వాడారు కనుక రెండు వైపులూ చూడాల్సిందే.

పగుళ్లు త్వరగా కంటబడతాయి, అక్కడే మోసపోతాం. అచ్చు పగులు నాణెం మీద ఉబ్బెత్తుగా ఉంటుంది. లోపలికి దిగిన గీత గీరుడే. పగులు లేదని రకం కొట్టేయకూడదు, అచ్చు కొత్తగా ఉన్నప్పుడు కొట్టిన నాణెం కావచ్చు.

1804 సెంటుకు ఉన్నది ఒకే అచ్చుల జత. చివరి దశలో ముందువైపు 'లిబర్టీ' మాటలోని 'ఆర్‌టీవై' అక్షరాల పైన, వెనకవైపు 'అమెరికా' మాటలోని 'ఎంఈఆర్ఐసీ' పైన అచ్చు అంచు విరిగి, ఆ చోటు నాణెం మీద రాగి ముద్దలా కనిపిస్తుంది. తొలి దశలో ఆ విరుగుళ్లు లేవు. తేదీ దిద్దిన నకిలీని పట్టేది స్థానమే: అసలు నాణెంలో తేదీలోని సున్నాకు సరిగ్గా వెనక, 'యునైటెడ్ స్టేట్స్ ఆఫ్ అమెరికా'లోని 'ఓఎఫ్' (ఆఫ్) మాటలో ఉన్న ఓ ఉంటుంది.