కుక్కపిల్లకు షాక్ కాలరా, తాయిలమా?

పిలిస్తే కుక్క వెనక్కి రావడం: దాని మెడకు కట్టి, రిమోట్‌తో షాకిచ్చే ఎలక్ట్రానిక్ కాలర్ వాడొచ్చా లేదా అన్న వాదన ఎక్కువగా దీని చుట్టూనే తిరుగుతుంది.

కాలర్‌కు లోపలివైపు రెండు లోహపు మొనలుంటాయి. రిమోట్ నొక్కితే వాటి మధ్య కరెంటు పాకుతుంది. తక్కువ స్థాయిలో పెడితే చిన్న చురుకే కదా, దూరం నుంచే ఆపొచ్చు కదా అంటారు వాడేవాళ్లు. రోడ్డు మీదికి దూసుకుపోయే కుక్కను చూస్తే ఆ ఆత్రం నాకూ అర్థమవుతుంది.

కానీ పసికూన సంగతి వేరు. మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా అది లోకాన్ని పరిచయం చేసుకునే వయసు. సైకిల్ మీద వచ్చే పిల్లాడిని చూసి ఎగిరిందనుకోండి, మీరు బటన్ నొక్కారు. ఎగరకూడదన్నది మీ పాఠం. దానికి ఎక్కేది మాత్రం ‘సైకిలొస్తే మెడ మండుతుంది’ అని కావచ్చు. చెవులు వెనక్కి వాల్చి, తోక కాళ్ల మధ్య దాచుకుంటుంది. తర్వాత సైకిల్ కనబడితే చాలు, మొరగొచ్చు, కరవనూ వచ్చు.

తాయిలంతో ఓపిక కావాలి. పేరు పిలవగానే తల తిప్పిందా, ఆ క్షణంలోనే ముక్క నోటికందాలి. ఆలస్యమైతే దేనికిచ్చారో దానికి తెలియదు. పిలుపు కుదిరేదాకా పొడుగాటి తాడు వదలకూడదు.

ఫలితంలోనైనా కాలర్‌దే పైచేయా అంటే, అదీ కాదు. ఇంగ్లండ్‌లోని లింకన్ విశ్వవిద్యాలయం 63 కుక్కలతో చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, బహుమతులతో నేర్చిన కుక్కలే ఆజ్ఞలకు త్వరగా స్పందించాయి. వేల్స్ 2010లోనే ఈ కాలర్లను నిషేధించింది. నా ఓటు తాయిలానికే.