మ్యాట్రిక్స్ డాట్ టు లింకులు: రొయ్యల గుంటల రైతులతో నా అనుభవం

ఇందుకూరుపేట వైపు నాకు చిన్న నీటి పరీక్షల ల్యాబ్ ఉంది. రొయ్యల గుంటల నీళ్లు తెస్తే ఉప్పదనం, పీహెచ్, అమ్మోనియా చూసి చెబుతాను. రైతులందరికీ కలిపి ఒక గ్రూపు నడుపుతున్నాను. ఒకరి గుంటలో వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు కనపడితే పక్కవాళ్లకి ఆ పూటే తెలియాలి. తెలియక అదే కాలవ నీళ్లు తోడుకున్నారంటే వాళ్ల పంట కూడా పోతుంది. పోయిన ఏడాది, అప్పట్లో వాడుతున్న యాప్‌లో నా అకౌంట్ ఉన్నట్టుండి ఆగిపోయింది. అడ్మిన్‌ని నేనొక్కడినే. ఆ వారమంతా ఎంత టెన్షన్ పడ్డానో!

అందుకే మ్యాట్రిక్స్‌కి మారాం. 2014లో మొదలైన ఈ చాటింగ్ పద్ధతి ఈమెయిల్ లాంటిది. ఎవరి సర్వర్ వాళ్లది, ఎవరికి నచ్చిన యాప్ వాళ్లది, మాటలు మాత్రం అందరికీ చేరతాయి. చిక్కు వచ్చింది లింకు దగ్గర. నేను కంప్యూటర్‌లో ఎలిమెంట్ అనే మ్యాట్రిక్స్ యాప్ తెరిచి, పైన కనిపించే అడ్రసు కాపీ చేసి పంపాను. మా బావమరిది వాడేది ఫ్లఫీచాట్ అనే ఇంకో మ్యాట్రిక్స్ యాప్. ఆయన నొక్కితే ఎలిమెంట్ వేసుకోమని వచ్చింది. "నా యాప్ నాకు ఉంది కదా బావా, ఇంకోటి వేసుకోమంటా ఉందేంది?" అన్నాడు. ఇలాగే ఎవరి సర్వర్ వాళ్లదిగా నడిచే సోషల్ మీడియా మాస్టడాన్‌లోనూ ఈ తంటా ఉంది. వేరే సర్వర్‌లోని పోస్టు లింకు నొక్కితే అక్కడ మనకు లాగిన్ ఉండదు. ఆ లింకును మన సర్వర్‌లో వెతికి తెరుచుకుంటేనే జవాబు రాయగలం.

matrix.to అనే సైట్ అడ్రసుతో ఉండే మ్యాట్రిక్స్ డాట్ టు లింకు అలా కాదు. నొక్కగానే ఏ యాప్‌లో తెరవాలో మనల్నే అడుగుతుంది. బావమరిది ఫ్లఫీచాట్ ఎంచుకుని నేరుగా గ్రూపులోకి వచ్చేశాడు. నాకు బాగా నచ్చింది ఇంకోటి ఉంది. గ్రూపు పేరు లింకులో హ్యాష్ గుర్తు తర్వాత ఉంటుంది. ఆ భాగాన్ని బ్రౌజర్ సైట్ సర్వర్‌కి పంపదు. ఎవరు ఏ గ్రూపు తలుపు తట్టారో ఆ సర్వర్‌లో నమోదు కాదు. చేరకముందే గ్రూపు వివరాలు చూపే ప్రివ్యూ కావాలంటే మాత్రం, ఆ వివరాలు ఇచ్చేందుకు మనం ఎంచుకున్న మ్యాట్రిక్స్ సర్వర్‌కి (హోమ్ సర్వర్) తెలుస్తుంది. ఆ సంగతి ముందే రాసి చూపిస్తారు.

ఆ ప్రివ్యూ ప్రశ్న దగ్గరే మా పెద్ద రైతులు ఆగిపోతున్నారు. పేజీ అంతా ఇంగ్లీషు. ఒక పెద్దాయన ఫోన్ పట్టుకుని ల్యాబ్‌కే వచ్చాడు: "ఏంది సామీ, ఇది నన్ను ఏదో అడగతా ఉంది." యాప్ ఇంకా వేసుకోనివాళ్లు, వేసుకున్నాక మళ్లీ ఈ లింకు దగ్గరికే రావాలి. ఆ మాట విడమరిచి చెప్పకపోతే సగం మంది మధ్యలోనే వదిలేస్తారు.

ఒక జాగ్రత్త. గ్రూపు పేరుతో ఉన్న లింకే పంపండి. నేను ఒకసారి ఆశ్చర్యార్థకంతో మొదలయ్యే లోపలి ఐడీతో లింకు తయారుచేశాను. ఏ సర్వర్ ద్వారా చేరాలో చెప్పే 'వయా' భాగం అందులో పెట్టలేదు. వేరే సర్వర్‌లో ఉన్న ముగ్గురు లోపలికి రాలేకపోయారు. గ్రూపు పేరు కూడా దాన్ని పెట్టిన సర్వర్ నడిచినన్నాళ్లే దారి చూపుతుంది, కాబట్టి ఆ సర్వర్‌ని చూసి ఎంచుకోండి.

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. తెలుగు పేజీ వచ్చిన రోజు ఆ ఒక్కటీ కలుపుతాను. ఈ నెల నుంచి నీటి రిపోర్టుల వెనక ఈ లింకు క్యూఆర్ కోడ్ అచ్చు వేయిస్తున్నాను, పక్కనే ఏది నొక్కాలో తెలుగులో మూడు వరుసలు.