హాస్టులా, డూప్లికేరియా: గుల్ల చూసి తేడా పట్టడం

బరమా మొనలా సన్నగా మెలితిరిగిన టెరెబ్రిడే కుటుంబపు సముద్ర నత్తల్లో హాస్టులా, డూప్లికేరియా అనే రెండు ప్రజాతులు మొదటి చూపులో ఒకేలా ఉంటాయి. రంగు చూసి తేల్చేయకండి, ఎండకు అది వెలిసిపోతుంది. చూడాల్సింది చుట్టుకీ చుట్టుకీ మధ్యనున్న అతుకు, దాని కింది భాగం.

డూప్లికేరియా డూప్లికేటాలో అక్కడ లోతైన గాడి ఉంటుంది. ప్రతి చుట్టునూ పైన సన్న పట్టీగా, కింద వెడల్పు పట్టీగా విడదీస్తుంది. గోటితో తడిమినా తెలుస్తుంది. పైగా నిలువు గట్లు బాగా కనిపిస్తాయి.

హాస్టులాలో ఆ గాడి ఉండదు, గుల్ల నున్నగా మెరుస్తుంది. హాస్టులా లాన్సియేటాకైతే తెల్లటి గుల్ల మీద సన్నని గోధుమ రంగు నిలువు గీతలు. ఈ కుటుంబంలో ఇంతకన్నా అందమైన గుల్ల లేదని నా అభిప్రాయం.

బాగా చిన్న గుల్లలకు లెన్స్ తప్పనిసరి. మొన విరగనివే ఎంచుకోండి, పిల్లప్పటి చుట్లు అక్కడే ఉంటాయి.

గుల్ల చెప్పని తేడా ఒకటుంది: హాస్టులా హెక్టికా లాంటివాటికి విషగ్రంథి, బోలు పళ్లు ఉంటాయి. డూప్లికేరియాకు విషగ్రంథి లేదు. డీఎన్ఏ కూడా ఈ రెంటినీ వేర్వేరు ఉపకుటుంబాల్లోనే పెట్టింది. అయితే గాడి కనబడగానే డూప్లికేరియా అని రాసేయకండి, ఇదే కుటుంబంలోని మరో ప్రజాతి టెరెబ్రా జాతుల్లోనూ గాడి ఉంటుంది.