డెత్ నోట్‌కు ఏ గొంతులు మేలు: టోక్యోవా, వాంకూవర్‌వా?

పాత తెలుగు నాటకాల పుస్తకం తెరిస్తే పాత్ర మాటకు ముందు కుండలీకరణాల్లో 'స్వగతం' అనో, 'ప్రకాశం' అనో ఉంటుంది. మొదటిది పాత్ర తనలో తాను అనుకొనేది, రెండవది ఎదుటివారికి వినిపించేలా పలికేది. డెత్ నోట్ అనే జపనీస్ యానిమేను విన్న ప్రతిసారీ నాకు ఈ రెండు మాటలే గుర్తుకు వస్తాయి. పేరు రాస్తే మనిషి చనిపోయే పుస్తకం దొరికిన లైట్ యాగామి అనే విద్యార్థికీ, అతన్ని పట్టుకోవడానికి పూనుకున్న ఎల్ అనే అజ్ఞాత డిటెక్టివ్‌కూ మధ్య సాగే ఈ పోరులో కత్తులు లేవు, పరుగులూ తక్కువే. పక్కపక్కన కూర్చుని మర్యాదగా మాట్లాడుకుంటూనే ఇద్దరూ లోలోపల ఒకరి మెడకు ఒకరు ఉచ్చు పేనుతుంటారు. కాబట్టి ఇక్కడ గాత్రధారి ప్రతిభను కొలవవలసింది అతని అరుపుతో కాదు, స్వగతానికీ ప్రకాశానికీ మధ్య అతను చూపిన దూరంతో.

మ్యాడ్‌హౌస్ స్టూడియో నిర్మించగా తెత్సురో అరాకి దర్శకత్వం వహించిన ఈ 37 భాగాల ధారావాహిక 2006 అక్టోబరు నుంచి 2007 జూన్ వరకు జపాన్‌లోని నిప్పన్ టీవీలో ప్రసారమైంది. ఆంగ్ల గాత్రాలు కెనడాలోని వాంకూవర్‌లో, ఓషన్ సంస్థలో రూపుదిద్దుకొని, 2007 అక్టోబరులో అమెరికాలో అడల్ట్ స్విమ్ అనే టీవీ ప్రసార విభాగం ద్వారా ప్రేక్షకులకు చేరాయి. పోల్చడానికి కథ ముగింపు దాకా వెళ్ళక తప్పదు గనుక, చూడనివారు ఇక్కడే ఆగడం మంచిది. ఇంకొక మాట: డబ్బింగ్ అనగానే రెండో రకం సరుకు అనుకోవడం మనకు తగదు. 'అరుంధతి'లో సోనూ సూద్ ముఖానికి రవిశంకర్ గొంతు ఎలా అతికిందో విన్నవాళ్ళం మనం.

రెండు చోట్లా పని జరిగే తీరే వేరు. జపాన్‌లో 'అఫురెకో' అనే పద్ధతిలో నటులు సాధారణంగా ఒకే గదిలో చేరి, కాగితాల చప్పుడు కాకుండా పేజీలు తిప్పుకుంటూ, నాలుగైదు మైకుల ముందుకు వంతులవారీగా వచ్చి మాట్లాడతారు. ఎదుటివాడి ఊపిరి విని తన మాట ఎత్తుకోవడం అక్కడ సాధ్యం. ఉత్తర అమెరికాలో నటుడు సాధారణంగా ఒంటరిగా బూత్‌లో నిలబడి, చెవిలో మూడు బీప్‌లు వినబడ్డాక, తెరమీది పెదవుల కదలికకు సరిపడేలా వాక్యాన్ని పూర్తి చేయాలి. అయితే డెత్ నోట్‌లో ఆంగ్లం వారికి ఒక అదృష్టం కలిసి వచ్చింది. స్వగతంలో పెదవులు కదలవు కదా! ఇతర డబ్బింగ్‌లలో వాక్యాన్ని విరిచి, కుదించి, అతికించవలసి వచ్చే బెడద ఇందులో సగానికి సగం లేదు. ఈ ఆంగ్ల డబ్బింగ్ చాలావాటికంటే సహజంగా వినిపించడానికి ఇదొక ముఖ్య కారణమని నా నమ్మకం.

ఇక లైట్ విషయానికి వద్దాం. జపనీస్‌లో ఈ పాత్ర ధరించిన మామోరు మియానోకు అప్పటికి 23 ఏళ్ళు. తండ్రితో, చెల్లెలితో, తోటి విద్యార్థులతో మాట్లాడేటప్పుడు అతని గొంతు ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంటుంది; వంక పెట్టడానికి ఏమీ దొరకదు. స్వగతం మొదలవగానే అదే గొంతు కిందికి దిగి, మాటల చివర్లను నెమ్మదిగా నొక్కుతుంది. ఎనిమిదో భాగంలోని చిప్స్ పొట్లం దృశ్యమే తీసుకోండి. గదిలో రహస్య కెమెరాలు ఉన్నాయని తెలిసిన లైట్ కుడిచేత్తో లెక్కలు చేస్తూ, ఎడమచేత్తో చిప్స్ పొట్లంలో దాచిన కాగితం ముక్కపై పేర్లు రాస్తూ, ఒక చిప్ తీసుకొని తింటానని తనలో తాను ప్రకటించుకుంటాడు. మియానో దాన్ని యుద్ధ ప్రకటనలా పలుకుతాడు, ఆఖరి క్రియను కొరికినట్టుగా విరుస్తాడు. ఆంగ్లంలో బ్రాడ్ స్వైల్ పలికిన అదే వాక్యం ఇంటర్నెట్‌లో పెద్ద నవ్వులాట అయింది. అందులో స్వైల్ తప్పేమీ లేదు, అతను కూడా నిజాయితీగానే ఆవేశపడ్డాడు. కానీ ఆంగ్ల వాక్యక్రమంలో 'తింటాను' అనే మాట తర్వాత 'దాన్ని' వచ్చి పడుతుంది. క్రియతో ముగిసే వాక్యానికి ఉండే దెబ్బ అక్కడ తగ్గిపోతుంది. క్రియతోనే వాక్యం ముగించే మనకు ఈ తేడా చప్పున పట్టుబడుతుంది.

స్వైల్‌కు ఇవ్వవలసిన మార్కులు మరొకచోట ఉన్నాయి. పుస్తకాన్ని వదులుకొని, జ్ఞాపకం పోగొట్టుకొని, నిజంగానే అమాయకుడైన లైట్ కొన్ని భాగాలపాటు కనిపిస్తాడు. అక్కడ స్వైల్ గొంతులోని చల్లదనం మాయమై, ఇతనితో స్నేహం చేయవచ్చు అనిపిస్తుంది. ఇబ్బంది ఏమిటంటే, ఆ చల్లదనం అంతకుముందు అతని 'ప్రకాశం'లోనూ కొంత వినిపించింది. ఇంట్లోవాళ్ళకు ఎందుకు అనుమానం రాలేదో అని మనకు అనిపిస్తుంది. మియానో దగ్గర ఆ అనుమానానికి తావు లేదు. ఆ దూరాన్ని అంత జాగ్రత్తగా కాపాడుకున్నాడు గనుకనే 37వ భాగంలో అది ఒక్కసారిగా కూలినప్పుడు వినేవాడికి ఒళ్ళు జలదరిస్తుంది. గోదాములో గుట్టు రట్టయిన తర్వాత ఒక నిశ్శబ్దం, ఆ తర్వాత మూసిన నోటిలోంచి సన్నని నవ్వు. అది గొంతులోకి, అక్కడినుంచి తలపైకి పాకి, పగిలి, తానే కిరానని (ఆ అజ్ఞాత హంతకుడికి లోకం పెట్టిన పేరు) ఒప్పుకొనే మాటలో ఆగుతుంది. ముప్పై ఆరు భాగాలు మనం మాత్రమే విన్న స్వగతాన్ని గదిలోని అందరూ వింటున్నారు. పోలీసు మత్సుదా కాల్చిన గుండు తగిలాక వచ్చే కేకలో చదువుకున్న కుర్రవాడి మర్యాద ఒక్క పోగు కూడా మిగలదు. ఆ తర్వాత సంధ్య వెలుగులో పారిపోయే లైట్‌కు మాటలు లేవు, ఊపిరి మాత్రమే ఉంది. లైట్ విషయంలో పోటీ అక్కడితో తేలిపోయింది.

ఎల్ దగ్గర తక్కెడ ఇంత తేలికగా ఒరగదు. రన్మా, ఇనుయాషా, ఉసోప్ వంటి ఎగసిపడే పాత్రలకు గొంతు ఇచ్చిన కప్పెయి యామగుచి, ఎల్ కోసం ఆ ఉత్సాహమంతా పెట్టెలో పెట్టి తాళం వేశాడు. పైగా జపనీస్‌లో ఎల్ ఎప్పుడూ మన్నన రూపాలతోనే మాట్లాడతాడు. మన 'అండీ', 'మీరు' అన్నట్టు. లైట్ అతనితో చనువుగా మాట్లాడుతుంటే, తనకన్నా చిన్నవాడైన లైట్‌ను హంతకుడని అనుమానిస్తూ కూడా ఎల్ ఆ మన్నన వదలడు. ఆ మర్యాదే బెదిరింపుగా పనిచేస్తుంది. ఆంగ్లానికి ఈ పనిముట్టు లేదు. అలెస్సాండ్రో జూలియాని ఆ లోటును మరో దారిలో పూడ్చాడు: లోతైన, సమతలమైన, ఎక్కడా తొందరపడని గొంతు. 'మీరే కిరా అయ్యే అవకాశం ఐదు శాతం' వంటి మాటను వాతావరణ సమాచారం చదివినట్టు చదువుతాడు. దానికి ఒక పొడి హాస్యం తోడవుతుంది. నవ్వించే ఎల్ కావాలంటే నేను ఆంగ్లమే వింటాను.

కానీ 25వ భాగం ఉంది. వానలో తడుస్తూ గంటల మోత వినబడుతోందని చెప్పిన ఎల్, లోపలికి వచ్చాక మెట్లమీద కూర్చుని లైట్ పాదాలు తుడుస్తూ, ఒంటరిగా ఉంటుందనీ, త్వరలోనే విడిపోతామనీ అంటాడు. జూలియాని దాన్ని అందంగా, కొంచెం బరువుగా పలికాడు. మనం విచారపడాలని అతనికి తెలిసినట్టు ఉంటుంది. యామగుచి మాత్రం దాదాపు గుసగుసగా, పక్కింటివాడితో వాన గురించి చెప్పినట్టు అనేసి ఊరుకుంటాడు. అంతకుముందు మేడపై, పుట్టినప్పటినుంచి ఒక్కసారైనా నిజం చెప్పావా అని లైట్‌ను అడిగినప్పుడూ అంతే: నిందించడు, తెలుసుకోవాలని అడుగుతాడు. నా ఓటు వెంట్రుకవాసి తేడాతో యామగుచికి. జూలియానికి ఓటు వేసేవారితో మాత్రం నాకు తగవు లేదు.

ర్యూక్ పాత్రధారి షిదో నకమురా కబుకి అనే జపాన్ సంప్రదాయ నాటకాల నటుడు. 2006 నాటి జపనీస్ సినిమాల్లోనూ ర్యూక్ గొంతు అతనిదే. విసుగెత్తిన మృత్యుదేవత ఆపిల్ పళ్ళ కోసం ముచ్చటపడే తీరు అతని బద్ధకపు నవ్వులో ఉంది. బ్రయాన్ డ్రమండ్ గరగరలో భయం పాలు ఎక్కువ. భయపెట్టే దయ్యాలు ఎక్కడైనా దొరుకుతాయి, తమాషా చూసే దయ్యమే అరుదు.

లైట్ తరఫున పుస్తకంలో పేర్లు రాసే మికామి ఒక్కొక్క పేరు రాస్తూ 'సకుజో' అని అరుస్తాడు. తొలగింపు అని దాని అర్థం. మసాయా మత్సుకాజె ఆ చివరి 'జో'ను సాగదీసి గాలిలోకి విసురుతాడు. ఆంగ్లంలో కర్బీ మారో చేతిలో 'డిలీట్' ఉంది; చివరి హల్లు దగ్గర నోరు మూతపడే మాట. అంత చిన్న పనిముట్టుతో అతను చేసింది తక్కువేమీ కాదు. లైట్‌ను ప్రేమించే మీసా పాత్రలో ఆయా హిరానో గారాబం జపనీస్‌కు సహజంగా అమరింది. అదే గారాబం ఆంగ్లంలో షానన్ చాన్-కెంట్ నోట చెవిని కొంత గీరుతుంది. ఎల్ చనిపోయాక అతని స్థానంలోకి వచ్చే నియర్‌గా నొరికో హిదాకా, క్యాథీ వెసెలక్ ఇద్దరూ సమర్థులే, రెండో సగంలో కథే పలచబడింది. హిదాకా ఒకప్పుడు యామగుచి రన్మాకు జోడీ అయిన అకానె గొంతు అని తెలిసినవారికి, ఎల్ స్థానంలో ఆమె వచ్చి కూర్చోవడం ఒక చిన్న ముచ్చట.

ఇంత చెప్పాక కూడా ఆంగ్లం పక్షాన ఒక గట్టి వాదం మిగిలి ఉంది. స్వగతం ఎడతెగకుండా సాగే ఈ ధారావాహికలో ఉపశీర్షికలు చదివేవారి కళ్ళు తెర అడుగునే ఉండిపోతాయి. లైట్ కనుగుడ్లు ఎర్రబడిన క్షణం, ఎల్ పంచదార ముక్కలను గోపురంలా పేర్చిన వైనం చూపు దాటిపోతాయి. నేను మొదటిసారి జపనీస్‌లోనే చూశాను. ఆ గోపురం నా కంటపడింది రెండోసారి, ఆంగ్లంలో విన్నప్పుడే.